గాలివానకు ముందు వంటిల్లు: కోస్తాంధ్ర తుపానుల చరిత్రలో నిప్పు, గింజ, నీరు

కోస్తాంధ్ర తుపానుల చరిత్ర చాలావరకు మరణాల లెక్కగానే నమోదైంది. ఎందరు చనిపోయారు, ఎన్ని పశువులు కొట్టుకుపోయాయి, ఎన్ని ఎకరాల పంట మునిగింది, ఎన్ని ఇళ్ళు కూలాయి అన్న వరుసలోనే జిల్లా మాన్యువళ్ళూ ప్రభుత్వ నివేదికలూ నడుస్తాయి. గాలి లేవడానికి ముందు రోజు ఆ ఇళ్ళలో ఏం వండారు, దేన్ని మూటగట్టారు, దేన్ని అటకెక్కించారు, ఆరిన పొయ్యి మళ్ళీ ఎన్నాళ్ళకు వెలిగింది అన్న ప్రశ్నలకు ఆ వరుసలో చోటు దొరకలేదు. నమోదు చేసినవారు రెవెన్యూ ఉద్యోగులు. పని చేసినవారు ఇంటి ఆడవాళ్ళు. శిస్తుతో సంబంధం లేని పని కాగితానికి ఎక్కదు.

ఈ లోటు చాటున ఒక నమ్మకం స్థిరపడింది. వెనకటి తరాలకు తుపానును తట్టుకునే వంటింటి విద్య ఉండేదని, మిక్సీలు, ఫ్రిజ్‌లు వచ్చాక అది అంతరించిందని కరెంటు పోయిన ప్రతిసారీ వినిపించే మాట. అందులో సగం నిజముంది. అటుకులు ఎలా దంచాలో, పేలాలు ఎలా వేయించాలో, చేపను ఏ పాళ్ళలో ఉప్పుపెట్టి ఎండబెట్టాలో ఊరందరికీ తెలుసు. అయితే దంచడానికి ఇంట్లో వడ్లుండాలి. నిల్వచేసే విద్య అందరిదైనా, నిల్వ కొందరి ఇళ్ళలోనే ఉండేది. గాలివానకు ముందు వంటిల్లు ఎలా ఉండేదో పరిశీలించినప్పుడు, ఒక్కో కాలంలో ఒక్కో వస్తువు ముందుగా కరవైనట్టు కనిపిస్తుంది: ఒకప్పుడు నిప్పు, ఒకప్పుడు గింజ, నేడు నీరు. ఏది ముందు కరవైందో, ఎవరి ఇంట కరవైందో చూడకుండా పాత విద్యను పొగడడం చరిత్ర అనిపించుకోదు.

ముసురు పట్టిన వంటింటికి తెలుగు సాహిత్యంలో మిక్కిలి స్పష్టమైన సాక్ష్యం పదహారో శతాబ్దపు ఆముక్తమాల్యదలో లభిస్తుంది. ప్రథమాశ్వాసంలో విష్ణుచిత్తుడు తన ఇంటికి వచ్చే వైష్ణవులకు ఏ ఋతువులో ఏ భోజనం పెట్టేవాడో కృష్ణదేవరాయలు వర్ణించాడు. ఆకాశం తెరపి ఇవ్వని వానరోజుల్లో ఆయన ఇల్లాలు ఎండిన కొబ్బరి బొండాలను వంటచెరకుగా వాడుతుంది. కంటికి పొగ సోకకుండా వంట సాగిపోతుంది. విస్తరిలో వరి అన్నం, పొట్టుతీసిన పప్పు, నాలుగైదు కూరలతో పాటు వడియాలు, వరుగులు ఉంటాయి. పెరుగుకూ నేతికీ లోటుండదు. కథాస్థలం శ్రీవిల్లిపుత్తూరు కావచ్చు, సందర్భం తుపాను కాకపోవచ్చు. కాని ఆ విస్తరి తెలుగు వంటింటి వానాకాలపు పద్దు. వడియం, వరుగు రెండూ వేసవి ఎండను దాచిపెట్టిన పదార్థాలు. వాటిని తయారుచేసింది వాన రోజున కాదు, అంతకు నెలల ముందు.

అదే కావ్యపు చతుర్థాశ్వాసంలోని వర్షర్తు వర్ణన రెండో పార్శ్వాన్ని చూపుతుంది. అక్కడ నిప్పు కోసం ఇల్లిల్లూ తిరగవలసి వస్తుంది. దొరికిన నిప్పు రాజుకోదు. రాజుకుంటే ఇల్లంతా పొగ. ఒకే కవి, ఒకే వాన, రెండు రకాల ఇళ్ళు. రెంటికీ నడుమ తేడా పాకశాస్త్ర పరిజ్ఞానంలో లేదు, పొడిగా నిల్వ ఉన్న వంటచెరకులో ఉంది. విష్ణుచిత్తుని ఇల్లాలి ఆదర్శ గృహిణీత్వాన్ని వ్యాఖ్యాతలు మెచ్చుకుంటారు. ఆ ఇంట కొబ్బరి బొండాలు ఎండబెట్టుకునే చోటు ఉండడం కూడా గమనార్హమే.

అగ్గిపెట్టె ఇంటింటికీ చేరేదాకా వానకు ముందు చేయవలసిన మొదటి పని నిప్పును కాపాడుకోవడం. కుంపట్లో నిప్పుకణికలను వరిఊక కింద కప్పిపెడితే గాలి తగలక, నెమ్మదిగా కాలుతూ రాత్రంతా నిలుస్తాయి. పిడకలు, తాటాకు మట్టలు, చితుకులు అటక మీదికి చేరేవి. ఈ ఏర్పాటు ముసురుకు సరిపోతుంది. పెనుగాలికి పైకప్పే లేచిపోయినప్పుడు అటకమీది కట్టె మొదట తడుస్తుంది. తాటాకు పాకల్లో వంట చాలావరకు వెనుక వైపు దింపిన చిన్న చూరు కింద, నేలపొయ్యి మీద జరిగేది. ఇంట్లోకి నీరు రాకముందే ఆ పొయ్యి మునిగేది.

గింజ విషయానికి వస్తే తుపాను నెలలకూ పంట నెలలకూ ఉన్న సంబంధాన్ని గుర్తించాలి. బంగాళాఖాతంలో పెను తుపానులు ప్రధానంగా వేసవి చివర ఏప్రిల్, మే నెలల్లోను, మళ్ళీ అక్టోబరు నుంచి డిసెంబరు వరకు పుడతాయి. మచిలీపట్నాన్ని ముంచిన తుపాను 1864 నవంబరు 1న, దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19న, కోనసీమ తుపాను 1996 నవంబరు 6న వచ్చాయి. డెల్టాలో సార్వా పంట అప్పటికి కంకి మీద ఉంటుంది, లేదా కోసి పనల మీద ఉంటుంది. కిందటి ఏడాది గింజ గాదె అడుగుకు చేరి ఉంటుంది. పాత గింజ అయిపోతూ కొత్త గింజ ఇల్లు చేరని ఈ సంధికాలమే తుపాను కాలం. పాతబియ్యం వండుకోవడం కలిగినింటి లక్షణంగా చెప్పుకోవడంలో రుచి ఒక్కటే కారణం కాదు. కార్తికంలోనూ పాతబియ్యం ఉన్న ఇల్లు అంటే ఏడాది పొడవునా గాదె అడుగంటని ఇల్లు. కౌలు చెల్లించి మిగిలిన గింజతో కాలం గడిపే ఇంటికీ, కూలిగింజల ఇంటికీ ఆ నెలల్లో తుపాను రాకపోయినా ఇబ్బందే. మే నెల తుపాను ఈ లెక్కకు రాదు. అప్పటికి దాళ్వా ధాన్యం ఇల్లు చేరుతుంది, ఆవకాయ జాడీ నిండుతుంది, రాలిన మామిడికాయ ముక్కలై ఎండకెక్కుతుంది, ఎండ ఉంటే.

1864 నాటి ఉప్పెనలో సుమారు 30,000 మంది మరణించారని అంచనా. అంతకు ముందు గోదావరి ముఖద్వారాన కోరంగి 1789లోను, 1839లోను ఇలాగే దెబ్బతిన్నది. ఈ మూడు సందర్భాల్లోనూ ముందస్తు హెచ్చరిక అన్నదే లేదు. భారత వాతావరణ శాఖ ఏర్పడింది 1875లో. అంతవరకు మబ్బు రంగు, కెరటాల పోకడ, గాలి మళ్ళిన దిక్కు చూసి జాలరులు చెప్పే మాటే హెచ్చరిక. అది ఇచ్చే వ్యవధి కొన్ని గంటలు. కనుక తుపాను కోసం ప్రత్యేకంగా వండుకోవడం అన్నది ఆ కాలానికి వర్తించని ఊహ. ఇంట్లో ఏడాది పొడవునా ఏది ఉంటే అదే తుపాను ఏర్పాటు.

ఉప్పెన ఆ ఏర్పాటును కూడా మిగల్చదు. ఆ మాటలోనే ఉప్పు వినిపిస్తుంది. మెట్ట ప్రాంతాల్లో ధాన్యాన్ని పాతరల్లో దాచే పద్ధతి ఉండేది. డెల్టాలో కొద్ది లోతునే నీరు ఊరుతుంది కాబట్టి గాదెలు, గరిసెలు, గడ్డివెంటి చుట్టి కట్టిన పురులు నేల మీదే ఉంటాయి. వాననీట తడిసిన వడ్లను ఉడకబెట్టి ఉప్పుడు బియ్యంగా దంచుకుని కొంతవరకు దక్కించుకోవచ్చు. సముద్రపు నీట మునిగిన గింజకు ఆ దారీ సరిగా ఉండదు. అంతకన్నా ముఖ్యంగా, ఉప్పెన తరువాత తాగునీటి చెరువులు ఉప్పబారతాయి. ఇంట్లో బియ్యం మిగిలినా ఎసరుకు నీళ్ళుండవు. నేటి సాయానికి మొదట చేరవలసింది నీళ్ళ ట్యాంకరని అధికారులు తెలుసుకున్నది ఇలాంటి అనుభవాల నుంచే.

ఇంతకీ తుపాను ఆహారం ఏది? కోస్తా వంటింటి పదార్థాలను నిప్పు అవసరాన్ని బట్టి చూస్తే వాటి వరుస తెలుస్తుంది. అటుకులకు నిప్పు అక్కరలేదు, గుక్కెడు నీళ్ళు చాలు. పేలాలు, బొరుగులు, వేయించి విసిరిన పిండి, బెల్లం వీటికి నీళ్ళూ అక్కరలేదు. అయితే తేమ తగిలిన రోజునే పేలాల కరకర పోతుంది కాబట్టి మూత గట్టి డబ్బా కావాలి. చద్దన్నం ఒక రాత్రి దాటిస్తుంది. నీళ్ళలో నానిన అన్నం పులిసి ఆ పులుపే దాన్ని కొంతసేపు కాపాడుతుంది. తరవాణి కుండ ఉన్న ఇంట్లో ఆ పులుపు నిత్యం సిద్ధంగానే ఉండేది. పులిహోరది మరో మెట్టు. అన్నం పలుకుగా వార్చి, వెడల్పుగా ఆరబోసి ఆవిరి పూర్తిగా పోయాక చింతపండు పులుసు, ఉప్పు, పసుపు, నూనె కలిపితే మామూలు అన్నం పాడయ్యే వేళకు అది ఇంకా తినదగ్గదిగా ఉంటుంది. వేడిమీద కలిపి మూతపెట్టిన పులిహోర మరునాటికి జిగటబారుతుంది. తీర్థయాత్రలకు, బండిప్రయాణాలకు పులిహోర ఎందుకు కట్టేవారో, తుపాను బాధితులకు పంచే పొట్లాల్లో అదే ఎందుకు కనిపిస్తుందో ఈ కారణం వల్లనే. ఎండుచేప, ఎండురొయ్య అన్నిటికన్నా ఎక్కువ కాలం నిలుస్తాయి, కాని వాటికి నిప్పు కావాలి. పచ్చడి జాడీకి ఏదీ అక్కరలేదు. తడి గరిటె పెట్టకుండా ఉంటే చాలు. తుపాను రాత్రి చీకట్లో అదే కష్టం.

దివిసీమ ఉప్పెన ఈ విద్యకు ఎదురైన కఠిన పరీక్ష. 1977 నవంబరు 19 కార్తిక మాసపు శనివారం. అంతకు వారం ముందే మరో తుపాను నాగపట్నం వద్ద తీరం దాటింది. ఆకాశవాణి హెచ్చరికలు వినిపించాయి. రేడియో ఉన్న ఇళ్ళకు గాలివాన సంగతి తెలుసు. చాలామంది సిద్ధపడ్డది ఆ గాలివానకే. సిద్ధపడడమంటే తెలిసిన పనులే: కట్టెలు లోపలికి చేర్చడం, గింజ పైకెత్తడం, రెండు పూటలకు వండి ఉట్టిమీద పెట్టడం. ఊళ్ళమీద పడినది కొన్నిచోట్ల ఐదు మీటర్ల ఎత్తు కెరటం. ఉట్టి, అటక, గాదె ఏవీ ఆ ఎత్తును అందుకోలేదు. నాగాయలంక, కోడూరు మండలాలుగా నేడు పిలిచే ప్రాంతంలో సొర్లగొంది, పాలకాయతిప్ప వంటి ఊళ్ళు తుడిచిపెట్టుకుపోయాయి. అధికారికంగానే మృతుల సంఖ్య పదివేల వరకు ఉంది. వంటింటి జ్ఞానం లేకపోవడం వల్ల ఈ మరణాలు సంభవించాయని ఎవరూ అనలేరు. ఆ జ్ఞానం ఊహించిన ప్రమాదం వేరు, వచ్చిన ప్రమాదం వేరు.

దివిసీమ మరో విషయాన్ని కూడా స్పష్టం చేసింది. హెలికాప్టర్ల నుంచి జారవిడిచినవి, పడవల మీద చేరవేసినవి మొదట వండిన ఆహారపు పొట్లాలే. బియ్యం ఇచ్చినంతమాత్రాన అన్నం కాదు. గిన్నె కావాలి, పొడికట్టె కావాలి, ఉప్పులేని నీళ్ళు కావాలి, కూర్చుని వండడానికి పొడినేల కావాలి. అన్నిటికీ మించి వండే మనిషి బతికి ఉండాలి. సహాయక కేంద్రాల్లో ఒక్కపొయ్యి మీద ఊరంతటికీ వండడం కేవలం సౌకర్యం కోసం చేసిన పని కాదు. ఏ ఇంటికా ఇల్లు వండుకునే స్థితి అక్కడ లేదు.

1990 మే 9న కృష్ణా డెల్టా సమీపంలో తీరం దాటిన తుపాను తీవ్రతలో పెద్దగా తీసిపోనిది. మృతుల సంఖ్య మాత్రం వేయికి అటూఇటూ ఆగింది. ఈ పదమూడేళ్ళలో తుపాను రక్షిత భవనాలు లేచాయి, ఉపగ్రహం ద్వారా హెచ్చరికలు పంపే ఏర్పాటు వచ్చింది, లక్షలాది మందిని ముందుగానే తరలించారు. వంటింటి చరిత్రలో ఇది పెద్ద మలుపు. అంతవరకు తుపాను ఏర్పాటు అంటే ఇంట్లో దాచుకునేది. ఇప్పుడు అది ఇంట్లోంచి మోసుకుపోయేది అయింది. చంకన పిల్ల, నెత్తిన మూట పెట్టుకుని నడిచే మనిషి ఎంత మోయగలదో అంతే ఏర్పాటు. గాదె కదలదు, పశువు రక్షిత భవనం మెట్లెక్కదు. తరలింపుకు ప్రజలు సహకరించరన్న అధికారుల ఫిర్యాదును ఈ కోణం నుంచి చదివినప్పుడు అది మూర్ఖత్వంగా కనిపించదు. ఏడాది తిండిని వదిలి మూడు రోజుల తిండితో వెళ్ళమంటే ఎవరైనా గుమ్మంలో ఒకసారి ఆగుతారు.

వదిలిపెట్టవలసిన గాదె లేనివారి సంగతి వేరు. 1983లో వచ్చిన కిలో రెండు రూపాయల బియ్యం పథకం కూలి ఇళ్ళలో మొదటిసారిగా నెలసరి నిల్వ అన్న ఊహను కలిగించింది. అయినా కార్డు బియ్యం నెల మొదట్లో వస్తుంది. తుపాను మూడోవారంలో వస్తే డబ్బా అడుగు కనిపిస్తూనే ఉంటుంది. తుపానుకు ముందే రేషన్ డిపోలకు సరుకు చేర్చి పంచాలన్న పద్ధతి ఈ ఖాళీని పూరించడానికి వచ్చినదే. ఆచరణలో దుకాణం తలుపు తెరిచే వేళకు వాన మొదలైన సందర్భాలు లేకపోలేదు.

కరెంటు ఈ కథలోకి ఆలస్యంగా వచ్చింది. మాచ్‌ఖండ్ జలవిద్యుత్తు 1955లో అందినా, అది పల్లె వంటింటి పనిలోకి దిగడానికి చాలా ఏళ్ళు పట్టింది. దివిసీమ ఉప్పెన నాటికి కరెంటు పోవడమంటే చాలా ఇళ్ళలో దీపం పోవడమే. పొయ్యికి, రోటికి, బావికి దానితో పనిలేదు. ఆ తరువాతి మూడు దశాబ్దాల్లో రోలు, తిరగలి పనిని గ్రైండరు, మిక్సీ అందుకున్నాయి. చేదబావి స్థానంలో బోరు, మోటారు, మేడమీది ట్యాంకు వచ్చాయి. పాలు తోడుపెట్టి, మళ్ళీమళ్ళీ కాచి కాపాడుకునే పని ఫ్రిజ్‌కు పోయింది. వీటివల్ల ఆడవాళ్ళ నడుములకు దక్కిన విశ్రాంతి సామాన్యమైనది కాదు. రోటి పచ్చడి రుచిని తలచుకునేవారిలో రుబ్బినవారి సంఖ్య తక్కువ. 1999లో మొదలైన దీపం పథకంతో గ్యాసు బండ పేద ఇళ్ళకూ చేరింది. ఫలితంగా వింతైన పరిస్థితి ఏర్పడింది: ఆముక్తమాల్యద నాటి ఇల్లాలు వెతుక్కున్న నిప్పు కరెంటు లేకపోయినా వెలుగుతుంది. ఆనాడు ఆకాశం నిండా ఉన్న నీరు నేడు కరెంటు లేనిదే పై అంతస్తుకు ఎక్కదు.

2014 అక్టోబరు 12న విశాఖపట్నం వద్ద తీరం దాటిన హుద్‌హుద్ దీన్ని నగరం మొత్తానికి ఒకేసారి చూపించింది. రోజుల ముందు నుంచే తుపాను దారి టెలివిజన్ తెరల మీద గీతలా కనిపిస్తూ ఉంది. నేడు వాతావరణ శాఖ 72 గంటల ముందు తొలి సూచన, 48 గంటల ముందు అప్రమత్తత, 24 గంటల ముందు హెచ్చరిక జారీచేస్తుంది. 1864 నాటి మచిలీపట్నానికి ఇందులో నాలుగో వంతు వ్యవధి ఉన్నా చరిత్ర వేరుగా ఉండేది. హుద్‌హుద్ సమయంలో మరణాలు తక్కువగా ఉండడానికి ఈ వ్యవధే కారణం. కాని విద్యుత్ స్తంభాలు వేల సంఖ్యలో ఒరిగాయి. సరఫరా మళ్ళీ నిలకడగా రావడానికి కొన్ని ప్రాంతాల్లో వారానికి పైగా పట్టింది. ఫోన్లు పలకలేదు, ఏటీఎంలు పనిచేయలేదు. పాలపొట్లం ధర రెట్టింపులు దాటింది. బహుళ అంతస్తుల భవనాల్లో బియ్యం, పప్పు, గ్యాసు ఉన్న ఇళ్ళు బియ్యం కడగడానికి నీళ్ళు లేక ఆగిపోయాయి. చేతిపంపు ఉన్న వీధి ఆ వారం నగరానికి చిరునామా అయింది.

తలుపు తీయకుండా ఉంచితే ఫ్రిజ్ చల్లదనం సుమారు 4 గంటలు నిలుస్తుంది. ఈ చిన్న లెక్క వంట వరుసను తిరగరాసింది. పాత పద్ధతిలో త్వరగా పాడయ్యేది ఇంట్లో ఉండేదే కాదు కాబట్టి నిల్వ ఉన్నదాన్ని పొదుపుగా వాడడమే పని. కొత్త పద్ధతిలో ముందు పాడయ్యేదాన్ని ముందు వండాలి: పాలు కాచి తోడుపెట్టడం, ఇడ్లీపిండి పులిసి పొంగకముందే దిబ్బరొట్టెలుగా, అట్లుగా పోసెయ్యడం, కొబ్బరిచిప్పను ఆ పూటే వాడెయ్యడం, కూరగాయల్లో ఆకుకూరలను ముందు తీయడం. హెచ్చరిక అందిన నాడే పప్పు నానబెట్టడం మానుకున్న ఇల్లు, మిక్సీ ఆడుతుండగానే కారప్పొడి, కందిపొడి కొట్టిపెట్టుకున్న ఇల్లు, ట్యాంకుతో పాటు బిందెలూ బకెట్లూ నింపుకున్న ఇల్లు నిజానికి పాత విద్యనే కొత్త యంత్రాలకు అన్వయించింది. విద్య అంతరించిందన్న విలాపం ఈ ఇళ్ళను చూడలేదు.

2018 అక్టోబరులో నవరాత్రుల ప్రారంభంలో పలాస సమీపాన తీరం దాటిన తిత్లీ అప్పటికి ఉద్దానం పల్లెల్లోనూ బావి స్థానంలో మోటారు వచ్చిందని చూపింది. కొబ్బరి, జీడితోటలు కూలి ఎక్కడ చూసినా వంటచెరకే పడి ఉంది. అంతా పచ్చిది, తడిసినది. తాగునీళ్ళ ట్యాంకరు కోసం ఎదురుచూపు పట్నంలో లాగే సాగింది.

హెచ్చరిక వ్యవధి పెరగడం అందరికీ ఒకేలా మేలు చేయలేదన్న సంగతి సముద్రపు ఒడ్డున ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. వేటకు వెళ్ళవద్దన్న మాట మొదట చేరేది మత్స్యకార వాడలకు. తుపాను తీరానికి రావడానికి మూడు, నాలుగు రోజుల ముందు నుంచే పడవలు ఒడ్డున ఉంటాయి. ఆ రోజు నుంచే ఆ ఇంటికి రాబడి ఆగుతుంది. సరిగ్గా అప్పుడే బజారులో బియ్యం, కొవ్వొత్తులు, కూరగాయల ధరలు లేస్తాయి. మేడలున్నవారికి ఆ మూడు రోజులు సరుకు తెచ్చుకునే వ్యవధి. వాడలోని ఇల్లాలికి అవి చేతిలో ఉన్న డబ్బు కరిగే రోజులు. ఆమె దగ్గర మిగిలే సరుకు ఇసుకలో ఆరబెట్టిన చేప. మబ్బు పట్టగానే దాన్ని సగం ఎండిన స్థితిలోనే ఎత్తి గంపల్లోకి, గంపలను ఇంట్లోకి చేర్చాలి. రెండు రోజులు ఎండ లేకపోతే అది వాసన మారుతుంది, ధర పోతుంది. రక్షిత భవనానికి బయలుదేరేటప్పుడు బాగా ఎండిన గంపను పైన కట్టి, పచ్చి ఆరని చేపను పిల్లల కోసం ఆ పూటే కాల్చి పెడుతుంది.